యోగం నేర్పే అధికారం ఎవరిది?

యోగా శిక్షణ గురించి అభ్యుదయ సాహిత్య పత్రికలో వ్యాసమేమిటని మిత్రులు కొందరు నొసలు చిట్లిస్తారని నాకు తెలుసు. పదేళ్ల కిందట అయితే నేనూ ఆ మాటే అనేవాణ్ణి. బాబాల చేతిలోనూ ప్రచారకుల చేతిలోనూ చిక్కిన విషయంతో మనకేం పని అనుకునేవాణ్ణి. కాని ఒక విద్య మీద మనకు చిన్నచూపు ఉన్నంత మాత్రాన, ఆ విద్య ఎవరి చేతిలో ఉందని అడిగే బాధ్యత తప్పిపోదు. వేదం గురించి అడిగాం. సంస్కృతం గురించి అడిగాం. సంగీతం గురించి అడిగాం. ఎవరు చదవవచ్చు, ఎవరు పాడవచ్చు, ఎవరు పాఠం చెప్పవచ్చు అన్నవి మన ఉద్యమంతో పాటు పుట్టిన ప్రశ్నలు. యోగం విషయంలో మాత్రం ఆ ప్రశ్న వేయకుండా ఊరుకున్నాం.

ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరులో చేసిన తీర్మానం ప్రకారం 2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినం జరుగుతున్నది. 2025లో ఆ రోజున విశాఖ సముద్ర తీరాన మూడు లక్షల మందికి పైగా ఒక్కసారి ఆసనాలు వేశారు. ఇంతమంది చేస్తున్నారు కనుక యోగం ప్రజల సొత్తయిందని అనుకోవటం సులభం. నా అనుమానం అక్కడే మొదలవుతుంది. ఒక విద్యలోకి జనాన్ని శిష్యులుగా చేర్చుకోవటం వేరు. ఆ జనంలోంచే గురువులను తయారు చేయటం వేరు. మొదటిది జరిగితే రెండోది జరిగినట్టు కాదు. అందరినీ కలుపుకునే యోగా శిక్షణ, సమాజమే కేంద్రంగా నడిచే శిక్షణ అని ఈ మధ్య తరచుగా వింటున్న మాటలకు ఏదైనా అర్థం ఉంటే అది ఈ రెండోదాంట్లోనే ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇంతే.

1

మాది పెన్న ఒడ్డున పల్లె. 2016 వేసవి సెలవుల్లో మా చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులకు మూడు రోజుల యోగా శిక్షణ పెట్టారు. నలభై మందిమి వెళ్లాం. నేర్పటానికి వచ్చినాయన పట్నం మనిషి. విద్య తెలిసినవాడే. ఆసనం పేరు సంస్కృతంలోనూ, చేయవలసిన పని ఇంగ్లీషులోనూ చెప్పేవారు. తెలుగు మాత్రం "కానివ్వండి, కానివ్వండి" అని తొందరపెట్టటానికి వాడేవారు.

మాతో వచ్చిన ఉపాధ్యాయిని ఒకామెకు చిన్నప్పుడు పోలియో సోకి ఎడమ కాలు సన్నబడింది. మొదటి గంటలోనే ఆయన ఆమెను చూసి, "మీరు ఇబ్బంది పడకండి మేడం, పక్కన కూర్చుని చూస్తే చాలు" అన్నారు. మర్యాదగానే అన్నారు. మూడు రోజులూ ఆమె గోడ వారన కుర్చీలో కూర్చుని చూసింది. చివరిరోజు మా అందరితో పాటు ఆమెకూ సర్టిఫికెట్టు ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో ఆమె నాతో ఒక మాట అన్నది. "సార్, నాకు ఆసనం రాదని ఆయన అనుకున్నారు. తనకు నాకు నేర్పటం రాదని మాత్రం అనుకోలేదు."

నేను ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. చదువు రాని పిల్లవాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెట్టి, "వాడికి రాదులే" అని నేనూ ఎన్నోసార్లు అని ఉంటాను. ఆమె మాట ఆయనకు ఎంత తగులుతుందో నాకూ అంత తగిలింది. ఆ రాత్రి నుంచి ఈ విషయం చదవటం మొదలుపెట్టాను.

2

చదివితే తేలిందేమిటంటే, పాత యోగ గ్రంథాలలో పరస్పరం విరుద్ధమైన రెండు గొంతులున్నాయి.

13వ శతాబ్ది ప్రాంతానిదని పండితులు చెప్పే దత్తాత్రేయ యోగశాస్త్రం ఒక మాట చెబుతుంది. బ్రాహ్మణుడైనా, సన్న్యాసి అయినా, బౌద్ధుడైనా, జైనుడైనా, కాపాలికుడైనా, చివరికి చార్వాకుడైనా సరే, శ్రద్ధగా అభ్యాసం చేస్తే సిద్ధి కలుగుతుందని దాని సారాంశం. ఏ మత గ్రంథమూ దగ్గరికి రానీయని భౌతికవాదిని ఈ గ్రంథం పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టింది. వేషం వేసుకుని, మాటలు చెప్పి బతికేవాళ్లకు ఏమీ దక్కదని కూడా అన్నది. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక కూడా యువకుడు, ముసలివాడు, పండు ముసలి, రోగి, దుర్బలుడు ఎవరైనా అభ్యాసంతో సిద్ధి పొందుతారని చెబుతుంది. శరీరాన్ని బట్టి ఎవరినీ బయట నిలబెట్టవద్దని దీని భావం. మా బస్టాండు మాటకు ఇంతకంటే పాత ఆధారం అక్కరలేదు.

అయితే అదే ప్రదీపిక ఈ విద్యను రహస్యంగా ఉంచాలని, బయటపెడితే దాని శక్తి పోతుందని కూడా చెబుతుంది. అభ్యాసానికి తలుపు తెరిచి ఉంది. బోధనకు తాళం వేసి ఉంది. తాళంచెవి గురువు చేతిలో ఉంది. ఆ గురువు ఎవరికి ఇస్తాడో, ఎవరిని చాలాకాలం ఊడిగం చేయించుకుని పంపేస్తాడో చెప్పే నియమం లేదు. విద్యలోని ఉదారత విధానంలో లేదు. మన సంస్కృతిలో చాలా విద్యల గతి ఇదే కనుక మనకిది కొత్తగా తోచదు.

3

తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు ఈ విషయం పరాయిది కాదు. 15వ శతాబ్దంలో గౌరన నవనాథ చరిత్ర రాశాడు. శ్రీశైలం భిక్షావృత్తి మఠాధిపతి కోరగా రాసిన కావ్యమిది. శ్రీగిరికవి అప్పటికే పద్యకావ్యంగా చెప్పిన కథను మళ్లీ ద్విపదలో చెప్పమన్నారు. అంటే యోగుల కథ జనం నోట నడవాలంటే జనం పాడుకునే ఛందస్సులో ఉండాలని ఒక మఠానికి ఆనాడే తోచింది. ఈనాటి శిక్షణ శిబిరాలకు ఇంకా తోచలేదు.

ఆ కావ్యంలోనే సారంగధరుని కథ ఉంది. మనకు సారంగధరుడు నాటకాల ద్వారా పరిచయం. సవతితల్లి మోహం, రాజు కోపం, కాళ్లూ చేతులూ నరికించటం, అడవిలో పారేయించటం: అంతఃపుర విషాదంగానే మన రంగస్థలం దాన్ని గుర్తుంచుకుంది. కాని గౌరన కథలో అది యోగ చరిత్రలో భాగం. మీననాథుని కృపతో ఆ కాళ్లూ చేతులూ తిరిగి మొలుస్తాయి. ఆ రాజకుమారుడే చౌరంగి అనే సిద్ధుడవుతాడు. టిబెటన్ భాషలో నిలిచిన 84 మంది సిద్ధుల కథలలో కూడా ఇటువంటి కథ ఉంది. అక్కడ కాళ్లూ చేతులూ లేని ఆ రాజకుమారుడికి 12 ఏళ్లు అన్నం తెచ్చి పెట్టిన పశువుల కాపరే గోరక్షుడు. తరవాత ఎందరికో గురువైన గోరక్షుడు.

ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. పశువుల కాపరి గురువు కావటం కథలోని అభ్యుదయాంశం. అన్నం పెట్టిన చెయ్యి పాఠం చెప్పే చెయ్యి అయింది. రెండోది దాని పరిమితి. చౌరంగి కాళ్లూ చేతులూ తిరిగి మొలిస్తే గాని కథ తృప్తిపడలేదు. శరీరం "సరి" అయిన తరవాతనే అది సిద్ధుడి శరీరమైంది. మా ఉపాధ్యాయినిని కుర్చీలో కూర్చోబెట్టిన ఆలోచన మూలం ఇక్కడ కూడా ఉంది. శరీరం మారాలి తప్ప బోధన మారనక్కరలేదన్న ఆలోచన అది.

పోతులూరి వీరబ్రహ్మం కథ మరొకటి. ఆయన శిష్యులలో దూదేకుల సిద్ధయ్య ముఖ్యుడు. మాదిగ కులంలో పుట్టిన కక్కయ్య ఇంకొకడు. దేహంలోని చక్రాలలో దేవతలు ఉంటారని స్వామి సిద్ధయ్యకు బోధిస్తుండగా కక్కయ్య చాటునుంచి విన్నాడట. నిజమా కాదా చూద్దామని నిద్రపోతున్న భార్యను కోశాడట. లోపల ఏ దేవతా కనబడక కోపంతో స్వామి దగ్గరికి వెళ్లాడట. స్వామి ఆమెను బతికించి కక్కయ్యను శిష్యుడిగా స్వీకరించాడని కథ. మా ఊళ్లో తత్త్వాలు పాడే వృద్ధులు దీన్ని స్వామి మహిమగా చెబుతారు. చిన్నప్పుడు నేనూ అలాగే విన్నాను. ఇప్పుడు నాకు అందులో వేరొకటి వినిపిస్తున్నది. కక్కయ్య చాటుగా ఎందుకు వినవలసి వచ్చింది? ఎదురుగా కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఉపమానమేదో, ఉన్నదేదో అడిగి తెలుసుకునేవాడు. చాటుగా అందిన విద్య కత్తి అయింది. ఆ కత్తి పోయి ఒక ఆడమనిషి ఒంటి మీద పడింది. విద్యను దాచిపెట్టటం వల్ల దెబ్బ ఎవరికి తగులుతుందో కథ తెలియకుండానే చెప్పింది.

వేమన సంగతి వేరు. ప్రజలు ఆయనను యోగి అనే పిలుచుకున్నారు. ఆయన మాత్రం ఆసనాల పేరుతో ఒళ్లు బిగించేవాళ్లను జెట్టీల సాముతో పోల్చి తీసిపారేశాడు. ఒంటి విన్యాసాన్ని జ్ఞానమని అమ్ముకునేవాళ్లు ఆయన కాలానికే ఉన్నారన్నమాట.

4

ఆధునిక కాలంలో తాళం తీసినవాళ్లూ ఉన్నారు. 1918లో యోగేంద్ర బొంబాయిలో యోగా ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. 1924లో కువలయానంద లోనావాలాలో కైవల్యధామ పెట్టి యోగాన్ని ప్రయోగశాలలోకి తెచ్చారు. యోగేంద్ర భార్య సీతాదేవి 1934లోనే స్త్రీల కోసం యోగ వ్యాయామం మీద పుస్తకం రాశారు. అడవిలోనూ మఠంలోనూ ఉన్న విద్య గృహస్థుల మధ్యకు రావటానికి వీరి కృషి తోడ్పడింది.

1930లలో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో రాజాశ్రయంతో తిరుమలై కృష్ణమాచార్య యోగశాల నడిపారు. ఆయన యోగ మకరందం 1934లో కన్నడంలోనే వెలువడింది. ఈనాడు ప్రపంచమంతా వేస్తున్న ఆసనాలలో చాలావాటి క్రమం ఆ యోగశాల నుంచి, ఆయన శిష్యుల నుంచి వచ్చిందే. రీగా నగరంలో పుట్టిన ఇంద్రాదేవి శిష్యరికం కోరి వస్తే ఆయన మొదట ఒప్పుకోలేదు. స్త్రీ, పైగా విదేశీయురాలు. మహారాజు చెప్పిన మీదట 1938 ప్రాంతంలో చేర్చుకున్నారు. తరవాత ఆమె షాంఘైలోనూ, 1947 నుంచి హాలీవుడ్‌లోనూ నేర్పి పేరు పొందింది. ఆమె ప్రతిభ కాదనలేనిది. అయితే ఆమె కోసం మహారాజు మాట చెప్పాడు. మన ఊళ్లో నాట్లు వేసే మనిషి కోసం ఏ మహారాజు చెబుతాడు?

రాజు పోయాడు, సరుకు వచ్చింది. 1999లో అమెరికాలో ఏర్పడిన యోగా అలయన్స్ ఉపాధ్యాయ శిక్షణకు 200 గంటల కొలత పెట్టింది. ఆసనాల అభ్యాసం, బోధన పద్ధతి, శరీర నిర్మాణ శాస్త్రం, తత్త్వం, స్వయంగా బోధించి చూపటం అందులో భాగాలు. కొలత ఉండటం తప్పేమీ కాదు. గురువుగారి దయాదాక్షిణ్యాల కంటే పాఠ్యప్రణాళిక ప్రజాస్వామికమైనదే. మన దేశంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ కింద కూడా సర్టిఫికెట్లిచ్చే బోర్డు వచ్చింది. చిక్కెక్కడంటే, ఆ 200 గంటలు ఎవరికి ఉన్నాయి? రిషికేశ్‌లో నెల రోజులు ఉండి ఇంగ్లీషులో పాఠం వినటం ఎవరికి సాధ్యం? కూలికి పోనిదే పొయ్యి వెలగని మనిషికి నెల రోజులంటే నెల రోజుల కూలి. ఇదివరకు కులం అడ్డం నిలిచిన చోట ఇప్పుడు ఫీజు నిలిచింది. రెండూ కలిసి నిలిచిన చోట్లూ ఉన్నాయి.

5

దీనికి మారుగా వేరే దారి పట్టినవారు ఉన్నారు. ఇద్దరి గురించి చెబుతాను.

అమెరికాలో మాథ్యూ శాన్‌ఫర్డ్‌కు 1978లో 13 ఏళ్ల వయసులో కారు ప్రమాదం జరిగి ఛాతీ కింది భాగమంతా చచ్చుబడింది. పెద్దయ్యాక అయ్యంగార్ పద్ధతిలో యోగం నేర్చుకున్నాడు. చక్రాల కుర్చీలో ఉండే మనిషి మిన్నెసోటాలో యోగా గురువయ్యాడు. వికలాంగులకు ఎలా నేర్పాలో ఇతర గురువులకు శిక్షణ ఇచ్చే గురువయ్యాడు. 2006లో తన కథ పుస్తకంగా రాశాడు. ఆయన బోధన సారం ఇది: ఆసనం అంటే బయటికి కనిపించే ఆకారం కాదు, ఒంట్లో కలిగే ఎరుక. కాలు లేవకపోయినా వెన్ను సాగుతుంది, ఊపిరి విస్తరిస్తుంది. ఈయన ఈనాటి చౌరంగి. ఒక్కటే తేడా. కాళ్లు తిరిగి రాలేదు. రావలసిన అవసరం లేకుండానే గురువయ్యాడు.

ఇటువంటి బోధనకు దారి వేసినవాడు కృష్ణమాచార్య శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్. చిన్నప్పుడు రోగిష్టి. 1937లో పూనాకు నేర్పటానికి వెళ్లి, ఒంటికి సాధ్యం కాని ఆసనాన్ని చెక్కదిమ్మ, తాడు, కుర్చీ, దుప్పటి ఆసరాతో సాధ్యం చేశాడు. ఆసరా వాడటం చేతకానితనం కాదని చెప్పటం చిన్న విషయం కాదు.

రెండోది కెన్యా రాజధాని నైరోబీ. 2007లో అక్కడ ఆఫ్రికా యోగా ప్రాజెక్ట్ మొదలయింది. ప్రారంభించింది అమెరికా యువతే అయినా, నైరోబీ పేదపేటల యువకులకు యోగం నేర్పటంతో ఆగకుండా వాళ్లనే ఉపాధ్యాయులుగా తయారుచేసింది. వాళ్లు తమ పేటలలో ఉచితంగా తరగతులు నడిపారు. బయటి సంస్థల దానధర్మం మీద నడిచే పనులకు ఉండే బలహీనతలు దీనికి ఉండవని నేననను. కాని నేర్పే మనిషి, నేర్చుకునే మనిషి ఒకే కొళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లయితే తరగతి తీరే మారుతుంది. ఎన్ని గంటలకు నీళ్లొస్తాయో ఆ గురువుకు తెలుసు. ఆ సమయానికి తరగతి పెట్టడు.

6

మా ఉపాధ్యాయిని చేసిన పని ఇంతకంటే చిన్నది. నాకు దగ్గరగా తెలిసినది. 2017లో ఆమె బడి వరండాలో ఆదివారాలు ఆరుగురిని కూర్చోబెట్టింది. దళితవాడలో మిషను కుట్టే ఒకామె, ఇంటర్ చదివే ఒక ముస్లిం అమ్మాయి, అంగన్‌వాడీ ఆయా, ఇద్దరు కూలిపనివాళ్లు, మా బడిలో మధ్యాహ్నం భోజనం వండే అమ్మ. గుడి మంటపం ఇస్తామని పెద్దలన్నా ఆమె వద్దన్నది. అందరూ సంకోచం లేకుండా వచ్చే చోటు బడి వరండా ఒక్కటే.

ఆమె పద్ధతి మూడు మాటల్లో చెప్పవచ్చు. ఒకటి: ఆసనం పేరు కంటే ముందు అది ఎందుకో చెప్పాలి. వెన్ను సాగటానికా, తుంటి వదులు కావటానికా, ఊపిరి నిదానించటానికా? ఎందుకో తెలిస్తే నిలబడి చేయలేనివాళ్లు కుర్చీలో, కుర్చీలో చేయలేనివాళ్లు పడుకుని అదే ఫలితం పొందుతారు. రెండు: ఎవరు చేయకూడదో నేర్పనివాడు గురువు కాడు. రక్తపోటు ఎక్కువున్నవాళ్లతో తలకిందులు ఆసనాలు, కపాలభాతి చేయించకూడదు. గర్భిణీని బోర్లా పడుకోబెట్టకూడదు. మూడు: ఒక ఆదివారం నేర్చుకున్నది వచ్చే ఆదివారం లోపల తమ వీధిలో ఒకరికి నేర్పి రావాలి. నేర్పి రానివాళ్లకు కొత్త పాఠం లేదు. సర్టిఫికెట్టు ఊసే లేదు. మంత్రాలు చదవటం ఎవరి ఇష్టం వారిది. మంత్రం లేకపోయినా సూర్యనమస్కారంలో వెన్ను వంగటం ఆగదు.

ఆరుగురిలో ఒకమ్మాయికి పెళ్లయి వెళ్లిపోయింది. ఒకతను పని కోసం వలసపోయాడు. మిగిలిన నలుగురు ఈనాటికీ నేర్పుతున్నారు. మిషను కుట్టే ఆమె దగ్గరికి ఊళ్లో నుంచి ఏడెనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. నెల తిరగకముందే చాలామందిని ఇళ్లవాళ్లు మాన్పించారు. ఎందుకో నేను వివరించనక్కరలేదు. ఇద్దరు మాత్రం మానలేదు. నిన్నటిదాకా ఆమెను "ఏమే" అని పిలిచిన ఇళ్ల ఆడవాళ్లు ఆ గంటసేపూ "టీచరమ్మా" అంటున్నారు. వరండా దిగాక ఏమని పిలుస్తున్నారో నాకు తెలుసు. అయినా ఆ గంట అబద్ధం కాదు. శిష్యురాలిగా ఆమెను ఏ శిబిరమైనా చేర్చుకునేది, వెనక వరసలో ఒక చాప వేసేది. గురువుగా ఆమె ముందు కూర్చోవలసి వచ్చినప్పుడే ఊరికి ఇబ్బంది కలిగింది. ఈ వ్యాసానికి ఆధారం ఆ ఇబ్బందే.

7

రచయితలకు ఇందులో పనేమిటన్న ప్రశ్నకు ఇప్పుడు వస్తాను.

ఆసనాల సూచనలు తెలుగులో రాసివ్వమని మా ఉపాధ్యాయిని నన్నే అడిగింది. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి కదా. ఉత్సాహంగా రాశాను. "పాదద్వయమును సమాంతరముగా నిలిపి, మేరుదండమును ఋజువుగా ఉంచి" అని మొదలుపెట్టాను. వరండాలో చదివితే ఎవరూ కదల్లేదు. వంట చేసే అమ్మ, "అయ్యోరా, ఇది చేసేదా, దండం పెట్టేదా?" అన్నది. తరవాత శవాసనం దగ్గర మళ్లీ అందుకుంది. "పొద్దున్నే శవమంటే ఎవరొస్తారయ్యా? కాస్త నడుం వాల్చండి అంటే పోదా?"

ప్రదీపిక కూడా శవాసనం అలసట తీర్చేదనే చెబుతుంది. నడుం వాల్చటమంటే అదే. నేను రాసిన కాగితాలు పక్కన పెట్టి ఆమె నోటి మాటలు రాసుకున్నాను. వెల్లకిలా, బోర్లా, పక్కకు ఒత్తిగిలి, గొంతుక్కూర్చుని, మునివేళ్ల మీద నిక్కి, ఒళ్లు విరుచుకుని, ఊపిరి బిగబట్టి. పిక్క, మడమ, తుంటి, డొక్క, జబ్బ. ఒంటికీ కదలికకూ సంబంధించి తెలుగులో ఇన్ని మాటలున్నాయని తెలుగు ఎం.ఏ. నాకు చెప్పలేదు. కాళ్లు మడిచి కూర్చోవటాన్ని మనం "మఠం వేసుకుని కూర్చోవటం" అంటాం. మఠాల లోపలి కూర్పును జనం ఎప్పుడో తమ ఇంటి అరుగు మీదికి తెచ్చుకున్నారు. పేరు కూడా పెట్టుకున్నారు. మనమే మరచిపోయాం.

క్రియారూపాలకు కూడా రాజకీయం ఉంది. "వంచు", "ఎత్తు", "కదలకు" అని ఆజ్ఞలో నడిచే తరగతి కవాతు అవుతుంది. రోజంతా ఆజ్ఞలు వినే మనిషికి అది మరొక యజమాని గొంతు. "వంగినంత వంగండి", "చాలనిపిస్తే ఆగండి" అంటే ఒంటి మీద అధికారం ఆ ఒంటి మనిషికే దక్కుతుంది. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లం, పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం ఈ తేడా గుర్తించాలి. సాహిత్య విద్యార్థులు తమ ఊళ్లలో ఈ మాటలు సేకరించినా మేలే. నెల్లూరు మాట వేరు, వరంగల్లు మాట వేరు, శ్రీకాకుళం మాట వేరు. ఒక్క ప్రామాణిక పదకోశం కంటే పది ప్రాంతాల పదాలు ఈ పనికి ఎక్కువ ఉపయోగం.

8

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పి ముగిస్తాను. శ్రమదోపిడీ వల్ల వంగిన నడుముకు ఆసనాలు నేర్పటం దోపిడీని మరిపించటం కాదా అని ఒక మిత్రుడు నిలదీశాడు. ఆ ప్రమాదం ఉంది. నాట్లు వేసి నడుం పడిపోయిన మనిషికి ఆసనం చెప్పి, కూలి రేటు మాట, ఆసుపత్రి మాట ఎత్తకపోతే ఆ యోగం యజమానికే మేలు చేస్తుంది. పెద్ద కంపెనీలు ఉద్యోగుల కోసం పెట్టే యోగా తరగతులలో చాలావాటికి ఈ స్వభావం ఉంది. పని గంటలు తగ్గించటం కంటే ఊపిరి పీల్చటం నేర్పటం చవక.

కాని దీనికి జవాబు శ్రామికులకు యోగం వద్దనటం కాదు. రోజంతా ముందుకు వంగి నాట్లు వేసినామెకు ఇంకా ముందుకు వంగే ఆసనాలు నేర్పే గురువు ఆమె పని చూడనివాడు. ఆమెకు కావలసింది వెన్ను వెనక్కు సాగటం, కాళ్లు ఎత్తున పెట్టి పడుకోవటం. ఈ సంగతి నాట్లు వేసిన మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి మనిషే గురువైతే ఆసనంతో పాటు కూలి మాట కూడా తరగతిలోకి వస్తుంది. మా వరండాలో వచ్చింది. నడుం నొప్పి ఎందుకొచ్చిందని ఒకరినొకరు అడిగి, కిందటేడు నాట్ల కాలంలో మధ్యాహ్నం గంట విశ్రాంతి కావాలని అంతా కలిసి అడిగారు. గంట అడిగితే అరగంట దొరికింది. ఇందులో యోగం వంతు ఎంత, కలిసి కూర్చోవటం వంతు ఎంత అని నేను విడదీయలేను.

మొన్న జూన్ 21న మా బడిలో యోగా దినం జరిగింది. వేదిక మీద పెద్దలకు కుర్చీలు వేశారు. మా ఉపాధ్యాయిని కూడా కుర్చీలోనే కూర్చుంది. అయితే గోడ వారన కాదు, పిల్లల ముందు. పక్కన మిషను కుట్టే ఆమె నిలబడి చేసి చూపిస్తున్నది. ఒకామె కూర్చుని, ఒకామె నిలబడి ఒకే ఆసనం నేర్పుతున్నారు. ఎవరిది అసలు ఆసనమని పిల్లలు ఎవరూ అడగలేదు.